రాత్రి డైవ్‌లో కనిపించిన బొటనవేలంత స్క్విడ్ ఏ జాతిది? యూప్రిమ్నా గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

రాత్రిడైవర్_మెల్‌బోర్న్ (ప్రశ్న):

అందరికీ నమస్తే. నేను మెల్‌బోర్న్‌లో ఉంటాను. రెండేళ్ళ కిందట స్కూబా నేర్చుకున్నాను, కుదిరిన ప్రతి వారాంతం పోర్ట్ ఫిలిప్ బేలో దిగుతుంటాను. మొన్న శనివారం రాత్రి రై పియర్ దగ్గర దిగాం. అసలు వెళ్ళింది స్పైడర్ పీతల కోసం. ఇక్కడ చలికాలం మొదట్లో అవి వేలకొద్దీ ఒకచోట పోగై పెంకులు విడుస్తాయి, అది చూడాలని ఏడాదిగా ఆశ. పీతలు కనబడ్డాయి గానీ నా మనసు మాత్రం ఇంకో దానిమీద ఉండిపోయింది.

పియర్ స్తంభాల అవతల ఒట్టి ఇసుక ఉంటుంది. అక్కడ టార్చ్ వేస్తే నా బొటనవేలి మొదటి కణుపు అంత ఉన్న ఒక జీవి ఇసుక మీద కూర్చుని ఉంది. గుండ్రటి ఒళ్ళు, ఆ ఒంటికి మించిన కళ్ళు, అటూ ఇటూ చెవుల్లాంటి రెండు చిన్న రెక్కలు. వెలుగు పడగానే ఒళ్ళంతా ముదురు గోధుమరంగు చుక్కలు పెద్దవయ్యాయి, మధ్యమధ్యలో ఆకుపచ్చ, నీలం మెరుపు. నేను కదలకుండా ఉంటే కాసేపటికి అది ఇసుకలోకి దిగడం మొదలుపెట్టింది. ముందు కింద నుంచి నీళ్ళు ఊదుకుంటూ గుంట చేసుకుంది, తర్వాత రెండు చేతులు బయటికి చాచి, మనం దుప్పటి లాక్కున్నట్టు, ఇసుకను తలమీదికి లాక్కుంది. చివరికి కళ్ళు రెండే మిగిలాయి. ఆ తర్వాత అవీ లేవు.

మా డైవ్ గైడ్ "డంప్లింగ్ స్క్విడ్" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాడు. ఇంటికొచ్చి వెతికితే యూప్రిమ్నా అనే పేరు దొరికింది, కానీ ఆ పేరు కింద పది రకాల ఫొటోలు, అన్నీ ఒకేలా ఉన్నాయి. నా ప్రశ్నలు ఇవి. ఇది స్క్విడ్డా, కటిల్‌ఫిషా, ఆక్టోపస్ పిల్లా? నేను లెక్కపెడితే ఎనిమిది చేతులే కనిపించాయి, స్క్విడ్‌కి పది ఉండాలి కదా? ఒంట్లో దీపం ఉంటుందని చదివాను, అది ఎక్కడ ఉంటుంది, నాకు ఎందుకు కనిపించలేదు? ఇంకోటి, నేను పుట్టి పెరిగింది భీమిలిలో. మన తీరంలో ఇలాంటివి ఉన్నాయా? చిన్నప్పటి నుంచి సముద్రం పక్కనే ఉండి ఒక్కసారి కూడా చూడలేదంటే నమ్మబుద్ధి కావడం లేదు.

తెలుగులో ఎవరైనా వివరంగా రాస్తే బాగుంటుంది. మా అబ్బాయికి ఎనిమిదేళ్ళు, వాడికి చదివి వినిపిస్తాను.

ఆక్వేరియం_రాజమండ్రి:

కటిల్‌ఫిష్ పిల్ల అయి ఉంటుందండి. అవి కూడా ఇసుకలో దాక్కుంటాయి, రంగులు మారుస్తాయి. నేను చూసిన వీడియోల్లో అచ్చం ఇలాగే ఉంది. ఇంత చిన్నగా ఉండి పెద్దది అయ్యే అవకాశం లేదని ఎలా అనుకున్నారు?

జువాలజీ_మేడమ్:

రాజమండ్రి గారూ, పోలిక ఉంది, పొరబడటం సహజమే, కానీ ఇది కటిల్‌ఫిష్ పిల్ల కాదు. కటిల్‌ఫిష్‌కి వాజాలు ఒంటి పొడవునా అంచు కుట్టిన లంగా కుచ్చుల్లా ఉంటాయి. ఆయన చెప్పింది "చెవుల్లాంటి రెండు చిన్న రెక్కలు" అని. ఒంటి మధ్యలో, రెండు పక్కలా విడివిడిగా, వెనక కలవకుండా ఉండే ఆ గుండ్రటి వాజాలే బాబ్‌టెయిల్ స్క్విడ్‌ల మొదటి గుర్తు. రెండో తేడా లోపల ఉంటుంది. పంజరంలో చిలకలకు కట్టే తెల్లటి సముద్రపు నురుగు ఉందే, అది కటిల్‌ఫిష్ లోపలి గుల్ల. యూప్రిమ్నా ఒంట్లో అది ఉండదు. మామూలు స్క్విడ్‌లో ప్లాస్టిక్ ముక్కలా వచ్చే సన్నటి పెన్ను కూడా ఉండదు. ఒళ్ళంతా మెత్తటి కండ, అందుకే అంత గుండ్రంగా, ముద్దలా ఉంటుంది, డంప్లింగ్ అనే పేరు దానికే.

వర్గీకరణ ఒకసారి చెప్పేస్తాను. ఇవి సెపియోలిడే కుటుంబం. అందులో మూడు ఉపకుటుంబాలు, యూప్రిమ్నా ఉండేది సెపియోలినేలో. ప్రజాతికి, అంటే దగ్గరి జాతులన్నీ కలిసిన గుంపుకి, ఆ పేరు పెట్టింది డెన్మార్క్ శాస్త్రవేత్త స్టీన్‌స్ట్రప్, 1887లో. గ్రీకులో యూ అంటే మంచి, ప్రిమ్నా అంటే ఓడ వెనక భాగం. వెనక గుండ్రంగా ఉన్న ఆ ఒంటిని చూస్తే పేరు నాకు చాలా ముద్దుగా అనిపిస్తుంది. మెల్‌బోర్న్‌లో ఇసుక మీద కనబడింది, డంప్లింగ్ అని గైడ్ అన్నాడు, మీ వర్ణనా సరిపోతోంది కాబట్టి యూప్రిమ్నా టాస్మానికా అనే చెప్పొచ్చు. ప్ఫెఫర్ 1884లో వర్ణించిన జాతి, ఆస్ట్రేలియా దక్షిణ, ఆగ్నేయ తీరాల్లో, టాస్మానియాలో లోతు తక్కువ నీళ్ళలో ఉంటుంది.

ఇప్పుడు చేతుల లెక్క. మీరు ఎనిమిది లెక్కపెట్టారు, అది సరైన లెక్కే. మిగతా రెండు టెంటకిల్స్. ఇవి చేతులకంటే పొడుగు, కానీ వేట లేనప్పుడు మూడో, నాలుగో జత చేతుల మధ్య ఉన్న సంచుల్లోకి పూర్తిగా లాగేసుకుంటుంది. రొయ్యపిల్ల కనిపిస్తే అవి దూసుకొస్తాయి, కంటికి అందనంత వేగంగా. మీరు చూసిన పూటకు అది వేటలో లేదు, టార్చ్ చూసి దాక్కునే పనిలో ఉంది.

ఇక తల, ఒళ్ళు అతుక్కున్న తీరు చూడండి. వీడియో ఉంటే పైనుంచి చూసే కోణం దగ్గర ఆపండి. మెడ దగ్గర ఒంటి సంచి అంచు తలమీద విడిగా ఉండదు, వెడల్పాటి పట్టీలా చర్మం కలిసిపోయి ఉంటుంది. రోసియా లాంటి దూరపు బంధువుల్లో ఆ అంచు విడిగా ఉంటుంది. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ ఉపకుటుంబం తేల్చేటప్పుడు మేం మొదట చూసేది ఇదే.

ప్రజాతిని తేల్చేది చూషకాలు. చేతుల లోపలి వైపు గుండ్రటి చిన్న కప్పుల్లాంటివి ఉంటాయి కదా, యూరప్‌లో ఉండే సెపియోలా లాంటి వాటికి అవి మామూలుగా రెండు వరసలు. యూప్రిమ్నాకి నాలుగు వరసలు. అక్కడి నుంచి జాతిని తేల్చడం నిజంగా కష్టం. మీకు ఫొటోలన్నీ ఒకేలా కనిపించడంలో మీ తప్పేం లేదు, రంగును నమ్మితే ఎవరికైనా అంతే, ఎందుకంటే ఆ రంగు నిమిషానికోసారి మారుతుంది. చర్మంలో రంగు సంచులు కండరాలతో తెరుచుకుని మూసుకుంటాయి, ఆకుపచ్చా నీలమూ కింద పొరలో వెలుగును తిప్పికొట్టే కణాల నుంచి వస్తాయి. జాతి తేల్చాలంటే పెద్దదైన మగదాన్ని చూడాలి. మగవాటికి కొన్ని చేతులమీద కొన్ని చూషకాలు మిగతావాటికంటే బాగా పెద్దవిగా ఉంటాయి. ఏ చేతిమీద, ఎన్ని, ఏ వరసలో అన్నది జాతిని బట్టి మారుతుంది. దానితోపాటు మగదాని ఎడమ పై చెయ్యి మారిపోయి ఉంటుంది, వీర్యపు పొట్లాలను ఆడదానికి అందించేది ఆ చెయ్యే. ఆడది, పిల్ల మాత్రమే దొరికితే పుస్తకం ముందు పెట్టుకుని కూడా తల పట్టుకోవాల్సి వస్తుంది, డీఎన్ఏ చూడక తప్పదు.

మీ టాస్మానికా గురించి ఇంకో మాట. ఇవి జత కట్టడం మూడు గంటల దాకా సాగుతుంది. అయ్యాక ఆడామగా రెండూ ఎంత అలసిపోతాయంటే అరగంట వరకూ మునుపటిలా ఈదలేవు. ఆస్ట్రేలియా పరిశోధకులు వీటిని ప్రవాహానికి ఎదురు ఈదించి మరీ కొలిచారు, 2012లో ప్రచురించారు. ఏడాది కూడా బతకని జీవి, వేటగాళ్ళు చుట్టూ ఉన్న రాత్రిపూట, అరగంట ఓపిక లేకుండా ఉండటం అంటే ఎంత పెద్ద ఖర్చో ఆలోచించండి.

లోపలి అవయవాల గురించి దీపం దగ్గర పనిచేసినవాళ్ళు రాస్తే బాగుంటుంది. ఇక్కడ హొనలులులో చదివినావిడ ఒకరు ఉండాలి.

హొనలులు_నుంచి:

మేడమ్ గారూ, నన్నే అన్నారని అర్థమైంది, నమస్తే. పీహెచ్‌డీలో నాలుగేళ్ళు హవాయి జాతితో పనిచేశాను, యూప్రిమ్నా స్కోలోప్స్, 1913లో బెర్రీ వర్ణించినది. ఒంటి సంచి పొడవు 3 సెంటీమీటర్ల దగ్గర, బరువు రెండు మూడు గ్రాములకు మించదు. రాత్రిపూట మోకాలి లోతు నీళ్ళలో తలకి దీపం కట్టుకుని, చేతిలో చిన్న వలతో నడుస్తూ పట్టేవాళ్ళం. వెలుగు పడితే ఇసుకమీద ఒక మెరుపు కదులుతుంది, అంతే, అర సెకను ఆలస్యం చేస్తే ఇక దొరకదు.

దీపం మీకు కనిపించకపోవడానికి రెండు కారణాలు. అది బయట లేదు, ఒంటి సంచి లోపల ఉంది. రెండోది, అది కిందికి మాత్రమే వెలుగుతుంది, మీరు పైనుంచి చూశారు.

ఒంటి సంచి కింది భాగం తెరిస్తే అటూ ఇటూ ఒక్కో మొప్ప, మధ్యలో సిరా సంచి, ఆ సిరా సంచికి రెండు వైపులా అంటుకుని రెండు తమ్మెలుగా ఉంటుంది వెలుగు అవయవం. దాని నిర్మాణం చూసినప్పుడల్లా నాకు కన్నే గుర్తొస్తుంది. ముందు పారదర్శకమైన కటకం. వెనక అద్దంలా వెలుగును కిందికి కొట్టే పొర, అది రిఫ్లెక్టిన్ అనే ప్రోటీన్‌తో తయారైంది, ఈ ప్రోటీన్లను మొదట గుర్తించింది ఈ జాతిలోనే, 2004లో. చుట్టూ ఉన్న సిరా సంచి తెరలా ముందుకీ వెనక్కీ జరిగి వెలుగు ఎంత బయటికి పోవాలో చూసుకుంటుంది. పైగా ఆ అవయవంలో కంటిలో పనిచేసే జన్యువులు కూడా పనిచేస్తాయి, అంటే తన దీపం ఎంత వెలుగుతోందో అది తానే పసిగట్టగలదు.

ఆ వెలుగు స్క్విడ్‌ది కాదు. విబ్రియో ఫిషెరీ అనే బాక్టీరియాది. వెన్నెల రాత్రి కింద నుంచి చూసే చేపకు పైన ఈదుతున్నది నల్లటి నీడలా కనిపించాలి. కడుపు కింద వెన్నెలంత వెలుగు ఉంటే ఆ నీడ కరిగిపోతుంది. పైనుంచి పడే వెలుగు పెరిగితే ఇదీ పెంచుతుంది, తగ్గితే తగ్గిస్తుంది.

మీ అబ్బాయికి ఇది చెప్పండి. గుడ్డులోంచి వచ్చినప్పుడు పిల్లకి బాక్టీరియా ఒక్కటీ ఉండదు. అమ్మ ఇవ్వదు. సముద్రంలోంచి వెతికి తెచ్చుకోవాలి. ఒక మిల్లీలీటరు సముద్రపు నీటిలో దాదాపు పది లక్షల బాక్టీరియా ఉంటాయి, అందులో ఇది కొన్ని వందలకు మించదు. పిల్ల నీటిని లోపలికి పీల్చి వదులుతూ ఉంటుంది. లేత దీపానికి రెండు పక్కలా చిన్న కొమ్మల్లాంటివి ఉంటాయి, వాటి అంచున కదిలే నూగు, వాటిమీద జిగురు. బాక్టీరియా ఆ జిగురులో చిక్కుకుంటాయి, పక్కకి మూడేసి రంధ్రాలు ఉంటే వాటిలోంచి లోపలికి దూరి సన్నటి కాలువల వెంట చివరి గదుల దాకా పోతాయి. సరైన జాతి తప్ప ఇంకోటి అక్కడ నిలబడదు. వెలగడం మానేసిన ఫిషెరీ రకాన్ని ఇచ్చి చూసినా అది నిలదొక్కుకోలేదు. పన్నెండు గంటలు తిరిగేసరికి పిల్ల వెలుగుతుంది.

ఆ తర్వాత జరిగేది నాకు అన్నిటికంటే ఇష్టం. లోపలికి చేరిన బాక్టీరియా కణగోడ ముక్కలు, పైపొర ముక్కలు విడుస్తాయి. అది అందగానే స్క్విడ్ పిల్ల ఆ కొమ్మలను తానే రాల్చేసుకుంటుంది, నాలుగైదు రోజుల్లో అవి ఉండవు. అతిథులు వచ్చారు, ఇక తలుపు అవసరం లేదు. బాక్టీరియా దొరకని పిల్లల్లో ఆ కొమ్మలు అలాగే ఉండి ఎదురుచూస్తాయి. ఒక జంతువు అవయవం పూర్తిగా తయారవ్వాలంటే ఇంకో జీవి వచ్చి చెప్పాలి అన్నమాట. మార్గరెట్ మెక్‌ఫాల్-ఎన్‌గై, ఎడ్వర్డ్ రూబీ 1980ల చివరి నుంచి ఈ ఒక్క స్క్విడ్ వెంటపడి దీన్నంతా బయటపెట్టారు.

రోజువారీ లెక్క కూడా ఉంది. తెల్లారగానే తొంభై ఐదు శాతం బాక్టీరియాను బయటికి కక్కేసి ఇసుకలో పడుకుంటుంది. మిగిలిన ఐదు శాతం సాయంత్రానికి మళ్ళీ నిండిపోతాయి. అవి నిండితేనే వెలుగుతాయి, ఎందుకంటే ఒక్కో కణం ఒక రసాయనాన్ని వదులుతూ ఉంటుంది, అది చుట్టూ తగినంత పోగైనప్పుడే అన్నీ కలిసి వెలిగే జన్యువులను తెరుస్తాయి. ఒంటరిగా సముద్రంలో తేలే ఫిషెరీ వెలగదు. బాక్టీరియా ఒకదానితో ఒకటి ఇలా లెక్క చూసుకుంటాయన్న సంగతి మొదట తెలిసింది ఈ బాక్టీరియాతోనే, 1970లో.

ఆడవాటిలో ఇంకో బాక్టీరియా గ్రంథి కూడా ఉంది, దాన్ని జనం పట్టించుకోరు. గుడ్ల చుట్టూ జెల్లీ పొర వేసేటప్పుడు ఆ గ్రంథిలోని బాక్టీరియాను కూడా కలిపి వేస్తుంది. యాంటీబయాటిక్ ఇచ్చి వాటిని తీసేస్తే గుడ్లమీద బూజు పడుతుంది. అమ్మ గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది, కాపలా ఉండదు. దాదాపు మూడు వారాలు ఆ గుడ్లను కాచేది ఆ జెల్లీలోని బాక్టీరియా.

ఇవి అంతరిక్షానికి కూడా వెళ్ళాయి. 2011లో ఎండెవర్ స్పేస్ షటిల్‌లో, మళ్ళీ 2021 జూన్‌లో స్పేస్ స్టేషన్‌కి. బరువులేని చోట ఈ సహజీవనం ఎలా కుదురుతుందో చూడటానికి.

రాత్రిడైవర్_మెల్‌బోర్న్:

మీ ఇద్దరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మావాడు "తలుపు అవసరం లేదు" దగ్గర ఆపి రెండుసార్లు చదివించుకున్నాడు, తర్వాత పిల్లకి బాక్టీరియా దొరక్కపోతే ఏమవుతుంది అని ఏడుపు మొహం పెట్టాడు.

ఒక సందేహం మిగిలింది. హవాయిలో ఒకటి, ఇక్కడ ఒకటి, ఇంటర్నెట్‌లో జపాన్‌వి. ఇంత చిన్నవి అంత దూరం ఎలా పాకాయి? పాకితే మన బంగాళాఖాతాన్ని ఎందుకు వదిలేస్తాయి?

హార్బర్_శీను:

అన్నా, నేను విశాఖ. మా నాన్నగారిది ట్రాల్ బోటు, ఇప్పుడు మా అన్నయ్య చూసుకుంటున్నాడు, నేను లెక్కలు చూస్తాను. మీ పోస్టు చదివి ఒక మాట చెప్పాలనిపించింది. మన తీరంలో ఉన్నాయా అని మీరు అడిగారు, భీమిలి ఒడ్డున నిలబడి చూస్తే ఇవి ఎవరికీ కనబడవు. ఇవి రాత్రి తిరిగేవి, పగలు ఇసుకలో ఉండేవి, వేలెడంత ఉండేవి. వలలో పడితే మాత్రం పడతాయి.

వల పైకి వచ్చాక డెక్‌మీద కుమ్మరిస్తే ముందు రొయ్య ఏరతారు, తర్వాత పెద్ద స్క్విడ్, కటిల్‌ఫిష్, అవి ఎక్స్‌పోర్ట్‌కి పోతాయి. మిగిలింది చిల్లర. అందులో బుల్లి ముళ్ళ చేపలు, పీత పిల్లలు, జెల్లీ, ఇలాంటి గుండ్రటి మెత్తటివి అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఎండబెట్టి దాణాకి వెళ్తుంది అది. నేను గుండ్రటి బుల్లి స్క్విడ్ లాంటివి చిల్లరలో చూశాను, చచ్చి తెల్లగా అయిపోయి ఉంటాయి, రంగు ఏమీ ఉండదు. పిల్ల స్క్విడ్‌లే అనుకునేవాళ్ళం, వాటికి వేరే పేరు పెట్టి పిలవడం నేను వినలేదు. ఇది చదివాక కొంచెం బాధగా కూడా ఉంది, ఇంత సంగతి ఉందని తెలిస్తే ఒక్కటైనా పక్కన పెట్టి చూసేవాళ్ళం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది, తర్వాత బోట్లు దిగుతాయి. మేడమ్ గారు చెప్తే ఈసారి చిల్లరలో దొరికినవి దాచి ఉంచుతాను. ఎలా దాచాలో చెప్పండి, ఐస్‌లో పెడితే చాలా?

జువాలజీ_మేడమ్:

శీనూ, నీ పోస్టు చదివి నిజంగా సంతోషం వేసింది. ఐస్ ఒక్కటే చాలదమ్మా, మెత్తబడి చూషకాలు రాలిపోతాయి. ఎలాగో చివర చెప్తాను, ముందు ఆయన అడిగినదానికి.

యూప్రిమ్నా ఇండో-పసిఫిక్ ప్రజాతి. అట్లాంటిక్‌లోనూ మధ్యధరాలోనూ ఉండవు, అక్కడ ఉన్నవి సెపియోలా, రోసియా లాంటి చుట్టాలు. పడమర నుంచి లెక్కపెడితే మారిషస్ నుంచి గ్రాంట్ 1833లో వర్ణించిన స్టెనోడాక్టైలా, మనకు దగ్గర్లో థాయ్‌లాండ్ నుంచి 1997లో వర్ణించిన హిల్లెబెర్గీ, సింగపూర్ వైపు పెనారెస్, ఫిలిప్పీన్స్ నుంచి 1962లో వాస్ వర్ణించిన ఆల్బట్రోసే, జపాన్‌లో మోర్సీ, బెర్రీ, ఆ కింద ఆస్ట్రేలియాలో మీ టాస్మానికా, పసిఫిక్ మధ్యలో ఒంటరిగా హవాయి స్కోలోప్స్. బెర్రీ అనే జాతిని శ్రీలంక, అండమాన్ నుంచి కూడా నమోదు చేశారు. అంటే మన చుట్టూ ఇవి ఉన్నాయి, మీ అనుమానం సరైనదే.

ఎలా పాకాయి అన్నది అసలైన ప్రశ్న. నిజానికి ఇవి సులభంగా పాకేవి కావు. చాలా సముద్ర జీవుల పిల్లలు వారాలకొద్దీ ప్రవాహంలో తేలుతూ ఖండాలు దాటుతాయి. యూప్రిమ్నా అలా కాదు. గుడ్లను రాతికో, పగడపు ముక్కకో అంటిస్తుంది, పిల్ల బయటికి వచ్చేటప్పటికే తల్లికి చిన్న రూపంలా ఉంటుంది, త్వరలోనే అడుగున ఇసుకకి చేరుతుంది. అందుకే ఒకచోటు గుంపు ఆ చోటే ఉండిపోయి లక్షల ఏళ్ళలో వేరే జాతి అయిపోతుంది. దీనికి నాకు తెలిసిన గట్టి ఉదాహరణ హవాయిలోని ఓహూ దీవిదే. దక్షిణ తీరంలోని స్కోలోప్స్, ఈశాన్యాన కనెయోహే బేలోని స్కోలోప్స్ జన్యుపరంగా రెండు వేరు గుంపులని 2002లోనే తేల్చారు. ఒక్క దీవి. కారులో గంటలోపు దూరం. ఇంక మహాసముద్రం ఈ చివర, ఆ చివర సంగతి చెప్పాలా?

ఇందువల్లే ఇప్పటికీ కొత్తవి బయటపడుతున్నాయి. 2019లో ఒకినావా దగ్గర ర్యూక్యూ దీవుల్లో బ్రెన్నెరీ అనే కొత్త జాతి దొరికింది. ఆ నీళ్ళలో జనం డైవ్ చేస్తూనే ఉన్నారు, ఫొటోలు తీస్తూనే ఉన్నారు, అయినా డీఎన్ఏతో పాటు చూషకాలను పోల్చి చూసేదాకా వేరే జాతి అని తెలియలేదు. నోబెల్ గ్రహీత సిడ్నీ బ్రెన్నర్ పేరు పెట్టారు, అక్కడి పరిశోధనా సంస్థకు మొదటి అధ్యక్షుడు ఆయనే.

నాకు మన తీరం గురించి ఉన్న ఆరాటం ఇదే. బంగాళాఖాతంలో ఈ కుటుంబంవి ఉన్నాయని వందేళ్ళకు పైగా తెలుసు. కలకత్తా మ్యూజియం సేకరణను చూసి గుడ్‌రిచ్ 1896లోనే ఇనియోట్యూథిస్ మాక్యులోసా అనే బాబ్‌టెయిల్‌ను వర్ణించాడు. దానికి వెలుగు అవయవం ఉండదు. కాబట్టి శీను చిల్లరలో చూసింది ఇనియోట్యూథిస్ కూడా కావచ్చు, యూప్రిమ్నా కూడా కావచ్చు. రెంటినీ పక్కపక్కన పెట్టి, ఒంటి కింద కత్తిరించి చూస్తే క్షణంలో తేలిపోయే ప్రశ్న ఇది, కానీ ఎవరో ఒకరు ఆ కత్తిరింపు చెయ్యాలి. రొయ్యమీద, ఎగుమతి స్క్విడ్‌మీద వందల పేపర్లు ఉన్నాయి. చిల్లరలో ఉన్నవాటిని ఏరి కూర్చుని చూసే ఓపిక మనవాళ్ళలో ఎక్కువమందికి లేదు, అది నాకు చాలా బాధ.

శీనూ, ఇప్పుడు నీ పని. దొరికిన రోజు తేదీ, ఎన్ని బారల లోతు, ఏ ఊరికి ఎదురుగా వల వేశారు, ఈ మూడూ చీటీమీద పెన్సిల్‌తో రాయి, పెన్ను వద్దు, సిరా కరిగిపోతుంది. ముందు తాజాగా ఉండగానే పైనుంచి, కింద నుంచి ఫొటో తియ్యి, పక్కన స్కేలు పెట్టు. తర్వాత ఒక చేతి చివర చిన్న ముక్క కోసి చిక్కటి ఆల్కహాల్‌లో వెయ్యి, అది డీఎన్ఏకి. కోసేది కుడి వైపు నుంచి కోయి, ఎడమ పై చెయ్యి ముట్టుకోవద్దు, మగదైతే గుర్తు దానిమీదే ఉంటుంది. మిగతా ఒళ్ళు ఫార్మలిన్‌లో. ఫార్మలిన్ ఒట్టి చేతులతో పట్టుకోకు, వాసన పీల్చకు, కలిపి సీసాలో పోసి నేనే పంపిస్తాను. ఇక్కడే మెసేజ్ చెయ్యి, అడ్రస్ మాట్లాడుకుందాం.

హార్బర్_శీను:

సరే మేడమ్. మా అన్నయ్యకి చెప్పాను, నవ్వలేదు, ఎన్ని కావాలి అని అడిగాడు. రొయ్య ఏరే అక్కలకి కూడా ఫొటో చూపిస్తాను, వాళ్ళ కన్ను మాకంటే చురుకు.

హొనలులు_నుంచి:

మెల్‌బోర్న్ అన్నయ్య గారూ, బాబుకి చెప్పండి, బాక్టీరియా దొరకని పిల్ల చచ్చిపోదు. ల్యాబ్‌లో అలాంటివాటిని పెంచాం, తింటాయి, పెరుగుతాయి. దీపం మాత్రం వెలగదు. సముద్రంలో అయితే దొరక్కపోవడం అరుదు, గుడ్లు పెట్టిన చోట పెద్ద స్క్విడ్‌లు రోజూ పొద్దున్నే కక్కిన బాక్టీరియా నీళ్ళలో ఉంటుంది కదా.

మళ్ళీ దిగినప్పుడు తెల్ల టార్చ్ బదులు ఎర్రది వాడండి. వీటికి ఎరుపు సరిగ్గా కనబడదు, మీరు ఉన్నారని తెలియకుండా వేటాడుతుంది, అప్పుడు టెంటకిల్స్ కూడా చూడొచ్చు. ఇసుకలో దిగినదాన్ని దయచేసి తవ్వి తియ్యొద్దు. ఒంటిమీద జిగురు కణాలతో ఇసుకను అంటించుకుంటుంది, ఆ కోటు తయారు చేసుకోవడానికి దానికి శ్రమ పడుతుంది. మరీ భయపడితే ఆ ఇసుక కోటు మొత్తాన్ని ఒక్కసారిగా విడిచిపెట్టి పారిపోతుంది, వేటగాడు ఆ ఇసుక వెంట పోతాడు.

రాత్రిడైవర్_మెల్‌బోర్న్:

మీరు చెప్పినట్టు వీడియో ఆపి ఆపి చూశాను. మెడ దగ్గర అంచు లేదు, తలా ఒళ్ళూ కలిసిపోయి ఉన్నాయి. ఇసుక లాక్కునేటప్పుడు ఒక్క ఫ్రేములో చెయ్యి లోపలి వైపు తిరిగింది, అందులో చూషకాలు గుంపుగా కనిపిస్తున్నాయి, రెండు వరసలైతే కాదు. అంచున రెండు మూడు మిగతావాటికంటే పెద్దవి. అంటే మగదే అనుకుంటాను, మేడమ్ గారూ, ఆ ఫ్రేము కింద పెడుతున్నాను, చూసి చెప్పండి.

ఎర్ర ఫిల్టర్ కొన్నాను. శనివారం అదే పియర్, అదే ఇసుక. మావాడు ఒడ్డున వాళ్ళమ్మతో కూర్చుంటానన్నాడు, పైకి రాగానే ముందు తనకే చెప్పాలట.